ఖాళీ తూటా ఎందుకు ఇరుక్కుంది?

(డాలస్ శివార్లలో తెలుగువాళ్లు నెలనెలా కలిసే సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను ఇవాళ తుపాకి తీసుకురాలేదు. తుపాకి గురించి మాట్లాడతానన్నప్పటి నుంచి మన కార్యదర్శి గారికి ఒకటే టెన్షన్. తెచ్చింది ఇదిగో, ఈ మాత్రల డబ్బా. ఇందులో రెండు ముక్కలుగా విరిగిన ఒక చిన్న స్ప్రింగు ఉంది. చిటికెనవేలి గోరంత వెడల్పు కూడా లేదు. తర్వాత చేతులు మార్చి చూడండి, పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి, అంచు కోసుకుంటుంది. ఈ ముక్క వల్ల నేను ఒక సీజనంతా పోగొట్టుకున్నాను. ఆ కథే చెబుతాను.

నాకు తుపాకి పిచ్చి మా తాతయ్య దగ్గర మొదలైంది. పశ్చిమ గోదావరిలో మా ఊళ్లో ఆయనకి లైసెన్సున్న డబుల్ బారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి ఒకటి ఉండేది. నాకు ఊహ తెలిసేసరికి వేట లేదు, 1972 వన్యప్రాణి చట్టంతో ఆ ముచ్చట అయిపోయింది. ఎన్నికలొస్తే దాన్ని గోనెగుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్లో అప్పగించి రావడం, ఎన్నికలయ్యాక తెచ్చుకోవడం, దసరాకి పూజలో పెట్టడం, అంతవరకే. కానీ ఆయుధపూజ ముందురోజు ఆయన దాన్ని విప్పి, కుట్టు మిషన్ నూనెతో తుడిచేవారు. గొట్టాలు వంచితే రెండు కళ్లు కనబడేవి. "ఇందులో చెడిపోవడానికి ఏముందిరా, తలుపు బందులాంటిది" అనేవారు. నిజమే. గొట్టాన్ని వంచగానే తూటా తానే కొంచెం పైకి లేస్తుంది, వేళ్లతో లాగేయడమే.

నా దగ్గరున్న పంప్ యాక్షన్ తుపాకి అలా కాదు. అది ఆ పనులన్నీ మనిషి వేళ్ల బదులు తనే చేస్తుంది. కాబట్టి వేళ్లకి బదులు దాని లోపల చిన్న చిన్న ముక్కలుంటాయి. చెడిపోయేవి అవే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ గదిలో సగం మంది హెచ్1బీ మీద ఉన్నారని నాకు తెలుసు. అమెరికాలో గ్రీన్ కార్డు లేకుండా తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. మినహాయింపులున్నాయి. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం వాటిలో ముఖ్యమైనది. "పక్కింటాయనది కదా, ఒకసారి పట్టుకుంటే ఏమవుతుంది" అనుకుని రేంజికి, అంటే కాల్చడం సాధన చేసే చోటికి, వెళ్లిపోకండి. ముందు లాయర్ని అడగండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా నేనూ దూరంగానే ఉన్నాను.

సరే, పంపు. సైకిల్ పంపు అందరికీ తెలుసు కదా. గొట్టం కింద ముందువైపు ఒక చెక్క పిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయడమే. నా తుపాకి గొట్టం సైజుని 12 గేజ్ అంటారిక్కడ, మనం 12 బోర్ అంటాం, రెండూ ఒకటే. ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు సరిపోయేంత గొట్టం. సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఈ లెక్క నాకు ఎప్పుడూ సరదాగా ఉంటుంది. సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 20 గేజ్ అంటే 12 కన్నా చిన్నది. మన ఇంటి కరెంటు వైరు గేజీలాగే, తిరగేసిన లెక్క.

నా దగ్గరున్నది రెమింగ్టన్ 870. ఇది 1950లో వచ్చింది. 2009 నాటికే కోటి తయారయ్యాయి. అంబాసిడర్ కారు మన దగ్గర ఎలాగో, ఇక్కడి పల్లెల్లో ఇది అలాగ. తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. నాకు మాత్రం తండ్రి నుంచి రాలేదు, పాత సామాన్లు కొనే దుకాణం నుంచి వచ్చింది. అదీ అసలు తిప్పలు.

ఇప్పుడు పిడి వెనక్కి లాగినప్పుడు లోపల ఏం జరుగుతుందో కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నిలబడింది. గొట్టం వెనక ఇనుప పెట్టెలాంటి భాగం ఉంటుంది, దాన్ని రిసీవర్ అంటారు. అందులో ముందుకీ వెనక్కీ జరిగే దిమ్మ బోల్ట్. బోల్ట్ ముఖానికి కుడిపక్క ఒక కొక్కెం ఉంటుంది. తూటా అడుగున ఇత్తడి అంచు ఉంటుంది చూశారా, ఆ అంచుని ఈ కొక్కెం పట్టుకుంటుంది. పేరు ఎక్స్‌ట్రాక్టర్. కాల్చాక పిడి లాగితే, కొక్కెం ఖాళీ తూటాని గొట్టంలోంచి బయటికి లాక్కొస్తుంది. లాక్కొచ్చి ఊరుకుంటే అది పెట్టెలోనే ఉండిపోతుంది కదా. అందుకని రిసీవర్ ఎడమ గోడకి లోపల ఒక పొడుగాటి ఉక్కు పట్టీ ఉంటుంది. ఎజెక్టర్. వెనక్కి వస్తున్న తూటా ఎడమ అంచు దీనికి కొట్టుకుంటుంది. కుడి అంచు కొక్కెంలో ఉంది, ఎడమ అంచుకి దెబ్బ తగిలింది, ఇంకేముంది, కుడిపక్క కిటికీలోంచి గిరుక్కున తిరిగి బయటపడుతుంది. అదే సమయంలో కింద తూటాలు పేర్చి ఉంచే ఇంకో గొట్టంలోంచి కొత్త తూటా వెనక్కి జారుతుంది, పిడి ముందుకి తోస్తే పైకి లేచి పై గొట్టంలోకి వెళ్తుంది. ఇదంతా అరసెకను.

అంటే లాగేవాడు ఒకడు, తోసేవాడు ఇంకొకడు. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

సెప్టెంబర్ ఒకటిన టెక్సస్‌లో ఈ ప్రాంతానికి పావురాల సీజన్ మొదలు. మా పక్కింటాయన, డెబ్బై దాటిన మనిషి, డెంటన్ అవతల పొద్దుతిరుగుడు చేలోకి తీసుకెళ్లాడు. వలస పక్షులకి మూడు తూటాల కన్నా ఎక్కువ పట్టకూడదు, చట్టం. తూటాలు పేర్చే గొట్టంలో ఒక కర్రముక్క పెట్టి, చోటు తగ్గిస్తారు. అది పెట్టానో లేదో ఆయన మూడుసార్లు అడిగాడు. మొదటి తూటా కాల్చాను, పిట్టకి తగల్లేదు. పిడి లాగాను. ఎర్రటి ఖాళీ తూటా గొట్టంలోంచి వచ్చింది గానీ బయటికి ఎగరలేదు. కిటికీలో అడ్డంగా పడి, నా వంక చూస్తోంది. వేలు పెట్టి లాగి పారేశాను. రెండోది కూడా అంతే. మూడోసారి అది కొత్త తూటాతో కలిసి లోపల ఇరుక్కుపోయి, పిడి ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆయన నా చేతిలోంచి నెమ్మదిగా తుపాకి తీసుకుని, మూతి నేలవైపు పెట్టి, అంతా ఖాళీ చేసి, "ఇవాళ్టికి నువ్వు పిట్టలు ఏరు" అన్నాడు. ఏరాను.

ఇంటికొచ్చి యూట్యూబ్ చూశాను. చూసేవాడికి ఎప్పుడూ తను వెతికేదే దొరుకుతుంది. "870 ఎక్స్‌ట్రాక్టర్ ప్రాబ్లం" అని కొట్టాను కాబట్టి ఎక్స్‌ట్రాక్టర్ వీడియోలే వచ్చాయి. పాతకాలపు 870లలో ఆ కొక్కేన్ని ఉక్కు చెక్కి చేసేవారు, తర్వాతి వాటిలో లోహపు పొడిని అచ్చులో పోసి కాల్చి చేశారు, దాన్ని తీసి చెక్కినది వేసుకోమని చాలామంది సలహా. బాగానే ఉంది కదా అని తెప్పించాను.

ఇది ఇంట్లో చేసుకోగల పనే, అందుకే ఎలా చేశానో చెబుతాను. ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టాలి. డబ్బా మూసి పక్కన పెట్టడం కాదు, వేరే గదిలో. తర్వాత పిడి పూర్తిగా లాగి, గొట్టం మొదట్లో వేలు పెట్టి తడిమి చూడాలి. కన్ను నమ్మకూడదు, వేలే పెట్టాలి. అప్పుడు ముందున్న గుండ్రటి మూత విప్పితే గొట్టం ఊడొస్తుంది. ట్రిగ్గర్ దగ్గర అడ్డంగా రెండు పిన్నులుంటాయి, వాటిని నెడితే ట్రిగ్గర్ పెట్టె మొత్తంగా కిందికి దిగుతుంది. ఎడమపక్క చిన్న మీట ఒకటి లోపల నొక్కి, పిడిని ముందుకి లాగితే బోల్ట్ బయటికి వచ్చేస్తుంది. ఒక్క స్క్రూ కూడా లేదు. మొదటిసారి చేసినప్పుడు నిజంగా ముచ్చటేసింది.

కొక్కెం వెనక ఒక చిన్న మేకులాంటిది, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో ఆ మేకుని వెనక్కి నొక్కి పట్టుకుని, కొక్కేన్ని పక్కకి తిప్పితే వచ్చేస్తుంది. వచ్చింది. మేకు కూడా వచ్చింది. స్ప్రింగు మా హాల్లో ఎక్కడికో ఎగిరిపోయింది. ఆ సాయంత్రం మా ఆవిడ వాక్యూమ్ క్లీనర్ సంచి విప్పి, అయస్కాంతంతో దువ్వి తీసింది. ఏమీ అనలేదు, అదే భయం వేసింది. తర్వాత తెలిసింది, ఈ పని పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయాలట. మీరు చేస్తే అలా చేయండి.

కొత్త కొక్కెం బిగించాను. డమ్మీ తూటాలు, అంటే మందూ గుళ్లూ లేని ఉత్తవి, వాటితో పంపు చేసి చూశాను. మళ్లీ కిటికీలో అడ్డంగా పడింది. అదే చూపు.

అప్పుడు గాని బుర్ర వెలగలేదు. తూటా గొట్టంలోంచి బయటికైతే వస్తోంది కదా! అంటే లాగేవాడు తన పని తను చేస్తున్నాడు. తోసేవాడు చేయడం లేదు. కొక్కెం పాడైతే ఖాళీ తూటా గొట్టంలోనే కూర్చుంటుంది. ఎజెక్టర్ పాడైతే బయటికొచ్చి పెట్టెలో పడి ఉంటుంది. ఇంత సులువైన తేడా. నేను జబ్బు చూడకుండా మందు వేశాను. ఇంకో సంగతి. తూటా గొట్టంలోనే ఉండిపోయినా, కొక్కేన్ని అప్పుడే తిట్టకూడదు. చవక తూటాలకి అడుగున ఇత్తడి బదులు ఉక్కు ఉంటుంది. గొట్టం లోపలి గోడ కాస్త గరుకుగా ఉన్నా, తుప్పు పట్టినా, అవి కాలగానే ఉబ్బి పట్టేస్తాయి. మెత్తటి స్టీలు ఊలుతో గొట్టం మొదలు నునుపు చేస్తే చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పైసా ఖర్చు లేని పని ముందు, విడిభాగం తర్వాత.

టార్చి వేసి లోపల ఎడమ గోడ చూశాను. ఎజెక్టర్ పట్టీ అలాగే ఉంది. దాని కింద, గోడకీ పట్టీకీ మధ్య ఒక పల్చటి స్ప్రింగు ఉంటుంది. అది మధ్యకి విరిగింది. పక్కనే గోడ మీద స్క్రూడ్రైవర్ గీతలు. నాకన్నా ముందు ఎవరో ఆ పట్టీని పెకలించి చూశారు, స్ప్రింగుని వంచారు, భయపడి వదిలేసి అమ్మేశారు. కొన్నప్పుడు నేను బయట చెక్క మెరుపు చూశాను గానీ, లోపల టార్చి వేయలేదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు బానెట్ ఎత్తుతాం కదా, ఇక్కడ ఆ బుద్ధి పనిచేయలేదు.

స్ప్రింగే కదా, మార్చేద్దాం అనుకున్నాను. మార్చలేం. ఎందుకంటే ఆ ఎజెక్టర్ని స్క్రూతో బిగించలేదు, రెండు రివెట్లు, అంటే చివర సుత్తితో కొట్టి అణిచేసిన మేకులు, కొట్టారు. తుపాకి ఎడమపక్క బయటి నుంచి చూస్తే ఆ రివెట్ల చివరలు రెండు చిన్న చుక్కల్లా కనబడతాయి, బాగా పాలిష్ చేస్తే అవీ కనబడవు. స్ప్రింగు మార్చాలంటే రివెట్లు తీయాలి. ఒకసారి తీసిన రివెట్ మళ్లీ పనికిరాదు.

ఇదే పోటీ కంపెనీ మాస్‌బర్గ్ వాళ్ల 500 చూడండి. 1960ల మొదట్లో వచ్చింది. అందులో ఎజెక్టర్ని పట్టుకునేది ఒక్క స్క్రూ. వంటింట్లో కూర్చుని మార్చుకోవచ్చు. మరి రెమింగ్టన్ వాళ్లకి ఈ తెలివి లేదా? ఉంది. రివెట్ వదులవదు. వేల తూటాలు కాల్చినా, ఆ అదురుకి కదలదు. స్క్రూ కదలవచ్చు. ఒకరు చెడిపోకూడదని కట్టారు, ఇంకొకరు చెడిపోతే బాగుచేసుకోవాలని కట్టారు. ఇంజినీరుగా నాకు మొదటిది గౌరవం, ఇంటిమనిషిగా రెండోది ఇష్టం. నన్నడిగితే, చెడిపోనిది అంటూ ఏదీ లేదు కాబట్టి, స్క్రూకే ఓటు. ఇక్కడ ఎవరైనా నాతో పోట్లాడాలంటే టీ దగ్గర పోట్లాడదాం.

రివెట్ పని నేను చేయలేదు. చేయగలనా అంటే, గ్యారేజీలో డ్రిల్లు ఉంది, ధైర్యమూ ఉంది. ఉండాల్సిన మూడోది లేదు. రిసీవర్ అంటే అమెరికా చట్టం దృష్టిలో అదే తుపాకి. గొట్టం, పిడి, కొక్కెం ఇవన్నీ విడిభాగాలు, పోస్టులో వచ్చేస్తాయి. సీరియల్ నంబరు ఉండేది రిసీవర్ మీద. 870లో ఆ నంబరు ఉండేది కూడా ఎడమపక్కే. రివెట్ ఆకురాయితో అరగదీస్తూ చేయి జారి నంబరు గీరుకుపోయిందనుకోండి, అది చిన్న పొరపాటులా కనబడదు. నంబరు చెరిపేసిన తుపాకి దగ్గర ఉంచుకోవడమే నేరం.

మన దేశంలో అయితే ఇంకా ముందే ఆగిపోవాలి. 1959 ఆయుధాల చట్టంలో ఐదో సెక్షన్ తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతు పేరు కూడా తీసుకుంటుంది. లైసెన్సున్న దుకాణానికే వెళ్లాలి. మా తాతయ్య కూడా నూనె పెట్టేవారే గాని స్క్రూడ్రైవర్ పట్టుకునేవారు కాదు. ఏదైనా వదులైతే ఏలూరు తీసుకెళ్లేవారు.

అలా తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాను. చిన్న షెడ్డు, గోడ నిండా ఆకురాళ్లు. ఆయన ముందు తుపాకి చూడలేదు, నా డ్రైవింగ్ లైసెన్సు చూసి పెద్ద పుస్తకంలో నంబరు రాసుకున్నాడు. తుపాకి ఆయన దగ్గర రాత్రి ఉండాలంటే ఆ పుస్తకంలో ఎక్కాల్సిందే. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "రెండు ముప్పావా, మూడా?" అంటే నా తుపాకి రెండు ముప్పావు అంగుళాల తూటాదా, మూడు అంగుళాల మాగ్నమా అని. రెండింటికీ ఎజెక్టర్ ఒకటి కాదు. నేను తెచ్చిన కొత్త ఎజెక్టర్ చూసి నవ్వాడు. తప్పు సైజు.

సరైనది వచ్చాక నన్ను పక్కన నిలబడి చూడనిచ్చాడు, అది ఆయన మంచితనం. ముందు నంబరు మీద మందపాటి టేపు రెండు పొరలు అంటించాడు. రివెట్ చివర సరిగ్గా నడిమధ్య ఒక చుక్క పొడిచాడు. దానికే ఐదు నిమిషాలు పట్టింది, కళ్లద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని. సన్న డ్రిల్లుతో రివెట్ చివర మటుకే తొలిచాడు, రంధ్రం గోడ తగలకుండా. పంచ్ పెట్టి ఒక్క దెబ్బ. పట్టీ లోపల టక్కున ఊడింది. విరిగిన స్ప్రింగు రెండు ముక్కలూ బెంచీ మీద పడ్డాయి. అడిగి తెచ్చుకున్నవి ఇవే.

కొత్త స్ప్రింగు, దాని మీద కొత్త పట్టీ, రెండు కొత్త రివెట్లు. పెట్టె లోపల రివెట్ తలకి ఆనేలా ఒక ఉక్కు దిమ్మ దూర్చాడు, బయటి నుంచి చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు. కంసాలి బంగారం మీద కొడతాడు చూడండి, అలా. మా ఊళ్లో కంసాలి కొట్టు గుర్తొచ్చింది. లెక్కపెట్టాను, నలభై దాకా వచ్చాక తప్పాను. ఉబికిన ముక్కని ఆకురాయితో సమం చేసి, నల్లటి ద్రావకం రాశాడు. తుడిచాక వేలితో తడిమితే రివెట్ ఎక్కడుందో తెలియలేదు. కళ్లతో చూస్తే కాస్త తేడా రంగు, అంతే.

నేను బాగుచేశానని గొప్పగా చెప్పుకున్న కొక్కేన్ని కూడా ఆయన చూశాడు. "ఇది బాగానే బిగించావు" అన్నాడు. తర్వాత, "పాతది కూడా బాగానే ఉంది" అన్నాడు. అది నా సొరుగులో ఇంకా ఉంది.

ప్రశ్నలా? చెప్పండమ్మా. విడిభాగాలు ఇక ముందు దొరుకుతాయా అనా? మంచి ప్రశ్న. న్యూయార్క్ రాష్ట్రం ఇలియన్‌లో రెమింగ్టన్ మొదలైంది 1816లో. కంపెనీ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసింది, ఆస్తులు ముక్కలుగా అమ్ముడుపోయాయి. ఇలియన్ ఫ్యాక్టరీ 2024లో మూతపడింది. అయినా కోటి తుపాకులు బయట ఉన్నాయి కదా, వాటికి ముక్కలు చేసే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. నా స్ప్రింగు కూడా అలా వచ్చిందే.

ఆ వెనకాయన? బాగుచేశాక ఎలా పరీక్షించారు అనా? ముందు డమ్మీ తూటాలతో, ఇంట్లో, యాభైసార్లు. మెల్లగా లాగితే ఎలా ఉంది, విసురుగా లాగితే ఎలా ఉంది అని. భయపడుతూ సగం లాగితే ఏ పంపయినా ఇరుక్కుంటుంది, అది తుపాకి తప్పు కాదు. తర్వాత రేంజిలో ఒక్కొక్క తూటా మాత్రమే పెట్టి కాల్చాను, ఆ తర్వాత రెండేసి, ఆ తర్వాత మూడేసి. కళ్లద్దాలు, చెవులకి మూతలు లేకుండా కాదు. ఇరవై ఐదు తూటాలు, ఇరవై ఐదూ కుడిపక్కకి ఆరడుగుల దూరంలో పడ్డాయి. పక్క వరసలో నిలబడ్డాయన కాస్త జరిగాడు. సెప్టెంబర్ ఒకటిన మళ్లీ చేలోకి వెళ్లాను. పిట్టకి తగిలిందా అని మాత్రం అడగకండి.